గ్యాస్ బండకున్న తేదీ మాకెందుకు లేదు? కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను విశాఖపట్నంలో ఇళ్లకు వంటగ్యాస్ బండలు చేరవేసే మనిషిని. 1993లో ఈ పనిలో చేరాను. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు, ఇప్పుడు అరవై రెండు నడుస్తోంది. మా ఏజెన్సీ కాగితాల్లో నా హోదా ఇప్పటికీ 'డెలివరీ బాయ్'. మొన్న మా మనవడు ఆ కాగితం చదివి, "తాతయ్యా, నువ్వు బాయ్‌వా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఈ ఉత్తరానికి అసలు కారణం మా వీధిలో ఉండే ఒక పోస్టుమాన్. కంచరపాలెం, తాటిచెట్లపాలెం వైపు మేమిద్దరం ఏళ్ల తరబడి ఒకే మెట్లు ఎక్కాం, ఒకే కుక్కల చేత తరిమించుకున్నాం. ఆయన సంచి బరువూ నా బండ బరువూ ఒకటి కాదనుకోండి. డిసెంబర్ నెలాఖరున ఆయన రిటైరయ్యారు. అరవై నిండిన నెల చివరి రోజు సాయంత్రం శాలువా కప్పి, దండ వేసి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టి, తోటివాళ్లే ఇంటిదాకా తెచ్చి దింపారు. రాత్రి భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, "మరి మీరెప్పుడు అన్నయ్యా?" అని అడిగారు. నాకంటే ఏడాదిన్నర చిన్నవాడు. ఏదో నవ్వేసి పప్పు వడ్డించమన్నాను. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆయన రిటైరయ్యే తేదీ ఉద్యోగంలో చేరిన రోజే రాసిపెట్టి ఉంది. నాది ఎక్కడుంది?

మంత్రి గారూ, మీ ఇంట్లో వంటగదిలోకి ఒకసారి వెళ్లి బండను చూడండి. పైన పట్టుకునే కడియం కింద మూడు నిలువు పట్టీలుంటాయి. వాటిలో ఒకదాని లోపలి వైపు ఒక ఇంగ్లీషు అక్షరం, రెండంకెలు రాసి ఉంటాయి. 'ఎ' అంటే జనవరి నుంచి మార్చి, 'బి' అంటే ఏప్రిల్ నుంచి జూన్, 'సి' అంటే జులై నుంచి సెప్టెంబర్, 'డి' అంటే ఆ తర్వాతి మూడు నెలలు. అంకెలు సంవత్సరం. 'సి-27' అని ఉంటే 2027 సెప్టెంబర్ లోపు ఆ బండను మళ్లీ పరీక్షకు పంపాలి. కొత్త బండకు మొదటి పరీక్ష పదేళ్లకు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. గడువు దాటిన బండను ఇంటికి తెస్తే మీరు వద్దని తిప్పి పంపవచ్చు. ఆ హక్కు మీకుంది. ఈ పద్ధతిని నేను మెచ్చుకుంటాను. ఇనుము కూడా అలసిపోతుందని ఎవరో పెద్దమనసుతో ఒప్పుకున్నారు. దాన్ని మోసే మోకాలి గురించే ఎవరికీ గుర్తు రాలేదు.

మోకాలి లెక్క కూడా చెబుతాను. బండలో గ్యాస్ 14.2 కిలోలు. ఖాళీ బండ పదిహేను, పదహారు కిలోలుంటుంది, ఆ బరువు దాని మీదే రాసి ఉంటుంది. నిండు బండ అంటే ముప్పై కిలోలని వేసుకోండి. రోజుకు సగటున ముప్పై బండలు, ఏడాదికి మూడు వందల రోజులు, ముప్పై మూడేళ్లు. మూడు లక్షలకు కాస్త తక్కువ. గ్యాస్ ఒక్కటే లెక్కేస్తే నాలుగు వేల టన్నులు దాటింది. మన డాల్ఫిన్ నోస్ దగ్గర భూమి లోపల రాతిని తొలిచి గ్యాస్ నిల్వ చేసే గుహ ఉంది కదా, అందులో అరవై వేల టన్నులు పడుతుంది. దానిలో పద్నాలుగో వంతు ఈ భుజం మీదుగా వంటిళ్లకు చేరింది. ఈ లెక్క వేసి చూపించింది కూడా మనవడే. ఈసారి వాడు నవ్వలేదు.

ఈ ఊరి సంగతి మీకు తెలియనిది కాదు. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో అయితే ట్రాలీ ఆటో గుమ్మం దాకా వెళుతుంది, అపార్ట్‌మెంట్లకు లిఫ్టు ఉంటుంది. (బండతో లిఫ్టు ఎక్కనివ్వని వాచ్‌మన్‌లు కూడా ఉన్నారు, వాళ్ల గురించి వేరే ఉత్తరం రాయాలి.) అసలు పని కొండవాలు ఇళ్లలో. మాధవధార వైపు నేను వెళ్లే ఒక వరుసలో చివరి ఇంటికి నూట పన్నెండు మెట్లు. పైకి నిండు బండ, కిందికి ఖాళీ బండ. 1999లో దీపం పథకం వచ్చినప్పుడు ఆ మెట్ల మీద కట్టెల పొయ్యిలున్న ఇళ్లకు మొదటి బండ నేనే మోశాను. ఒకావిడ దానికి పసుపు, కుంకుమ పెట్టి, హారతిచ్చి, వెలిగించడానికి భయపడి నన్నే వెలిగించమన్నారు. ఆ భయానికి కారణముంది. అంతకు రెండేళ్ల ముందు, 1997 సెప్టెంబర్ 14, ఆదివారం ఉదయం రిఫైనరీలో గ్యాస్ పేలి ఊరంతా వణికింది. ఆ తర్వాత చాలా రోజులు నన్ను చూసి పిల్లల్ని లోపలికి లాక్కునే తల్లులుండేవారు. అలాంటి ఇళ్లలో ఇప్పుడు నాకు మజ్జిగ ఇవ్వకుండా పంపరు. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబర్‌లో కరెంటు లేదు, రోడ్ల నిండా చెట్లు. ట్రాలీ కదలక, సైకిలుకు రెండు బండలు కట్టుకుని, కొమ్మల మధ్య దారి చేసుకుంటూ వెళ్లాను. అప్పుడు మోకాలు నా మాట వినేది.

ఇవన్నీ గొప్పలు చెప్పుకోవడానికి రాయడం లేదు. ఎప్పుడు ఆగాలన్నది తేల్చుకోలేకపోవడానికి డబ్బు ఒక్కటే కారణమని మీరు అనుకోకూడదని రాస్తున్నాను. సందు మొదట్లో స్పానరుతో బండ మీద కొడితే 'టంగ్' మని మోగుతుంది. "గ్యాస్ వచ్చింది" అని పైనుంచి ఒక గొంతు, పక్కింటి నుంచి "మాదీ తెచ్చావా బాబాయ్?" అని ఇంకో గొంతు. రేపు ఇంట్లో కూర్చుంటే నేను వచ్చానని ఎవరు కేకేస్తారు?

నిరుడు వానాకాలంలో అదే నూట పన్నెండు మెట్ల వరుసలో ఎడమ కాలు జారింది. భుజం మీద నిండు బండ. గోడకు వీపు ఆనించి ఎలాగో ఆపాను. నాలుగు మెట్ల కింద ఒక పాప కూర్చుని బొమ్మకు జడ వేసుకుంటోంది. తల కూడా ఎత్తలేదు. నేను బండ దించి అక్కడే కూర్చుండిపోయాను. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు, మొదటిసారి మీకే చెబుతున్నాను. నా ఒంటికి దెబ్బ తగిలితే అది నా కర్మ అనుకోగలను. ఆ రోజు నుంచి మాత్రం ఎవరైనా మెట్ల మీద కూర్చుంటే ముందు వాళ్లను లేపి, తర్వాత బండ ఎత్తుతున్నాను. అలా లేపవలసి వచ్చిన రోజే మానేయాల్సింది. మానలేదు. ఎందుకో వినండి.

నా పేరు మీద పీఎఫ్ కట్టింది నాలుగేళ్లే. ఆ తర్వాత ఏజెన్సీ చేతులు మారింది, మమ్మల్ని బండకింత అని కమీషన్ లెక్కలోకి మార్చారు. పీఎఫ్ పింఛనుకు కనీసం పదేళ్ల సర్వీసు కావాలి. నాలుగేళ్ల సొమ్ము తీసుకుంటే కూతురి పెళ్లిలో వంటవాళ్లకు సరిపోయింది. 2019లో అసంఘటిత కార్మికులకు అరవై తర్వాత నెలకు మూడు వేల పింఛను పథకం వస్తే ఆశగా వెళ్లాను. పద్దెనిమిది నుంచి నలభై ఏళ్ల లోపు వారే చేరాలన్నారు. నాకప్పటికి యాభై ఐదు. 2021లో అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్ కార్డు తీసుకున్నాను, పెట్టెలో భద్రంగా ఉంది. రాష్ట్రం ఇచ్చే నాలుగు వేల వృద్ధాప్య పింఛనుకు కొడుకు సంపాదన అడ్డొచ్చింది. నిబంధన ప్రకారం సరైనదే, తప్పు పట్టను. వాడి సంపాదన వాడి ఇంటి అద్దెకు, పిల్లల ఫీజులకు పోతుందన్న సంగతి నిబంధనకు తెలియదు, అంతే.

పని మానేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన సొమ్ము, అదే గ్రాట్యుటీ, 1972 చట్టంతోనే వచ్చింది. ఐదేళ్లు దాటి పనిచేసిన వారికి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, కనీసం పది మంది పనిచేసే చోట ఇవ్వాలి. నెలకు 12 వేలు అనుకుని ముప్పై మూడేళ్లకు లెక్కేస్తే రెండు లక్షల ఇరవై ఎనిమిది వేలు వచ్చింది. ఆ అంకె చూసి కాసేపు సంతోషపడ్డాను. మా దగ్గర బండలు మోసేవాళ్లమే పద్నాలుగు మందిమి. హాజరు పుస్తకంలో ఉన్నది ఎనిమిది పేర్లు. నా పేరు కొన్నేళ్లు ఉంటుంది, కొన్నేళ్లు ఉండదు. రిటైరవ్వాలంటే ముందు ఉద్యోగంలో చేరినట్టు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదండీ. నేను చేరినట్టు సాక్ష్యం నా భుజం మీది కాయ ఒక్కటే.

ఇంకొకటి కూడా దాచకుండా చెబుతాను. డెలివరీ ఖర్చు బిల్లులోనే ఉంటుంది, పైన ఒక్క రూపాయి అడగకూడదు. అడిగాను. పై అంతస్తులో ఇరవై, కొండ మీద ముప్పై. ఇచ్చిన వాళ్లున్నారు, తిట్టిన వాళ్లున్నారు. తిట్టిన వాళ్లదే న్యాయం. కానీ ఆ చిల్లర లేకపోతే ఇల్లు గడిచేది కాదు.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయని పేపర్లో చదివాను. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలట, నలభై దాటిన వారికి ఏడాదికోసారి ఉచితంగా వైద్య పరీక్ష చేయించాలట. యాప్‌ల మీద పనిచేసే కుర్రాళ్లకు ఆ కంపెనీల టర్నోవర్ నుంచి ఒకటి, రెండు శాతం సంక్షేమానికి తీస్తారట. చాలా మంచిది. జగదాంబ దగ్గర సిగ్నల్లో రంగురంగుల చొక్కాలతో ఆ పిల్లలు కనబడితే నాకు జాలిగానే ఉంటుంది. అయితే నా ఫోనులో యాప్ లేదు. నేను యాప్‌ల కంటే ముందు పుట్టిన డెలివరీ వాణ్ణి. నన్ను ఏ లెక్కలో వేస్తారు?

గ్యాస్ కేంద్రం పరిధిలోది కదా, మాకెందుకు రాశారు అని మీ పేషీలో ఎవరైనా అనవచ్చు. బండ కేంద్రానిదే. దాన్ని మోసే భుజం మీ శాఖది. అందుకే మీకు రాశాను. విశాఖ ఒక్కచోటైనా మీ అధికారులను గ్యాస్ గోదాముల దగ్గరికి ఉదయం ఏడు గంటలకు పంపండి. పది తర్వాత వస్తే పుస్తకాలు కనబడతాయి, మనుషులు లైన్ల మీదికి వెళ్లిపోయి ఉంటారు. వచ్చిన వారికి వచ్చినట్టు నియామక పత్రం ఇప్పించండి, అందులో నిజంగా చేరిన సంవత్సరం రాయించండి. పాత సర్వీసుకు రుజువేమిటంటే, మా మెట్ల మీద ఇళ్లలో గ్యాస్ పుస్తకాలున్నాయి. ఇరవై ఏళ్ల కిందటి తేదీల పక్కన నా సంతకాలున్నాయి. కావాలంటే నేనే వెంట ఉండి చూపిస్తాను.

మోయలేని వాడికి వేరే పని లేదన్న మాట కూడా నిజం కాదు. ప్రతి ఇంట్లో పొయ్యినీ రెగ్యులేటర్నీ ఐదేళ్లకోసారి తనిఖీ చేయాలి, రబ్బరు గొట్టం ఐదేళ్లకు మార్చాలి. ఏ ఇంట్లో గొట్టం పొయ్యి వెనక నలిగిపోతోందో, ఎవరు బండను అలమారలో పెట్టి తలుపు మూస్తున్నారో మాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. యాభై ఐదు దాటిన వారికి కాస్త శిక్షణ ఇచ్చి, బండ దించి ఆ పని ఇప్పించండి. సీలు తీసి, వాల్వు మీద నాలుగు చుక్కలు నీళ్లు పోసి, బుడగ వస్తుందో లేదో చూడడానికి మోకాళ్లతో పనిలేదు.

ఇది నాకు అందుతుందని ఆశ పెట్టుకోలేదు. మాలో యాభై దగ్గర పడ్డవాళ్లు ఆరుగురున్నారు, ఆడపిల్లల తండ్రులు. వాళ్ల కోసం అడుగుతున్నాను. నా తేదీ నేనే వేసుకున్నాను. ఈ జూన్ నెలాఖరు. బండల లెక్కలో 'బి-26'. మా ఆవిడకు చెబితే, "ఈ మాట 2020 కరోనాలోనూ చెప్పావు" అంది. ట్రాలీ మీద అప్పు మే నెలతో తీరుతుంది, అందుకని ఈసారి నమ్మమన్నాను. శాలువా ఎవరూ కప్పకపోయినా ఫరవాలేదు. ఏజెన్సీ ముద్రతో, ఈ మనిషి 1993 నుంచి 2026 దాకా మా దగ్గర పనిచేశాడు అన్న ఒక్క కాగితం ఆ రోజు నా చేతికి వచ్చేట్టు చూడండి. అందులో 'బాయ్' అని రాయవద్దని మాత్రం చెప్పండి.

ఆఖరి బండ ఎవరికో కూడా తేలిపోయింది. 1999లో హారతిచ్చిన ఆవిడే, నూట పన్నెండు మెట్ల పైన. జూన్ 28నే బుక్ చేయిస్తానన్నారు. ఓటీపీ ఆవిడకు చదవడం రాదు, మనవరాలు బడి నుంచి వచ్చేదాకా గుమ్మంలో కూర్చోవాలి. కూర్చుంటాను.

ఇట్లు,
ఒక గ్యాస్ డెలివరీ కార్మికుడు,
కంచరపాలెం, విశాఖపట్నం.