ఎవరికి జవాబిస్తున్నాడో చూడు

అమ్మలూ,

భౌతికశాస్త్రం చదివేవాళ్లు న్యూటన్ రాసిన పుస్తకం తెరవకుండానే పట్టా పుచ్చుకుంటారు కదా, మరి తత్వశాస్త్రం చదివే మేమెందుకు ఎప్పుడో పోయినవాళ్ల వాదాలన్నీ మొదటినుంచీ చదవాలి అని అడిగావు. రెండు రోజులుగా ఆ ప్రశ్న నా వెంటే తిరుగుతోంది. పెద్దవాళ్లంటే గౌరవం ఉండాలి కాబట్టి అని నేను చెప్పను. అది కారణం కాదు.

భౌతికశాస్త్రంలో తేలిన విషయం పాఠ్యపుస్తకంలోకి చేరిపోతుంది, తేల్చిన దారిని మరిచిపోయినా పని నడుస్తుంది. తత్వశాస్త్రంలో ప్రశ్న ఎక్కడ పుట్టిందో తెలియకపోతే జవాబు కూడా సరిగా అర్థం కాదు. మనసు (ఆత్మ అన్నా ఆయనకు అదే), శరీరం రెండు వేర్వేరు పదార్థాలని 17వ శతాబ్దపు ఫ్రెంచ్ తత్వవేత్త దెకార్త్ అన్నాడని నీ వయసులో సంగ్రహాలు చదివి నేర్చుకున్నాను. పరీక్షకు ఆ ఒక్క వాక్యం చాలింది. చాలా ఏళ్లకు గానీ ఆయనకు వచ్చిన, ఆయన రాసిన ఉత్తరాలు నా చేతికి రాలేదు.

1643 మే నెలలో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయనకు రాసింది. ఆమెకు అప్పుడు 24 ఏళ్లు. రాజ్యం పోగొట్టుకున్న కుటుంబం హేగ్‌లో తలదాచుకుని ఉంది. ఒక వస్తువును నెట్టాలంటే దాన్ని తాకాలి, తాకేదానికి పొడవూ వెడల్పూ ఉండాలి, ఆత్మకు అవేవీ లేవని మీరే అంటున్నారు, మరి అది శరీరాన్ని ఎలా కదిలిస్తుంది అని అడిగింది. దెకార్త్ బరువును ఉదాహరణగా తెచ్చాడు: బరువు రాయిని కిందికి దింపుతుందనుకుంటాం గాని, ఏదో దాన్ని తాకి నెడుతోందని అనుకోం కదా అన్నాడు. ఆమె ఊరుకోలేదు. భౌతికం కానిది శరీరాన్ని కదిలిస్తుందని ఒప్పుకోవడం కన్నా, ఆత్మ కూడా పొడవూ వెడల్పూ ఉన్న భౌతిక వస్తువేనని ఒప్పుకోవడం తనకు తేలిక అని జూన్‌లో తిరిగి రాసింది. నేను చదివిన సంగ్రహంలో ఆ రాకుమారి ఊసే లేదు. ఆమె అడిగింది వినకుండా నేను ఇన్నేళ్లూ దెకార్త్ తెలుసనుకున్నాను!

మన భారతీయ దర్శనాల్లోనూ అంతే: ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదం; ఆ తరువాతే సిద్ధాంతం, అంటే తన నిర్ణయం. 14వ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహంలో మాధవుడనే పండితుడు 16 దర్శనాలను వరసపెట్టి, పరలోకాన్ని నమ్మని భౌతికవాదమైన చార్వాకంతో మొదలుపెట్టాడు. చార్వాకుల సూత్రగ్రంథం మనకు దక్కలేదు. వాళ్ల మాటలు చాలావరకు వాళ్లను ఖండించినవాళ్ల పుస్తకాల్లోనే మిగిలాయి. అందుకే అక్కడ ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది చార్వాకుడి గొంతేనా, ప్రతివాది అతని నోట పెట్టిన మాటా అని అడుగు.

పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందని ఎవరు చూశారని అందులో చార్వాకుడు నిలదీస్తాడు. 1739లో స్కాట్లండ్ తత్వవేత్త హ్యూమ్ కూడా ఇంచుమించు అలాగే అడిగాడు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి వాదించు, నాకూ అదే ఇష్టం. కానీ చార్వాకుణ్ణి తూర్పు దేశపు హ్యూమ్ అని మాత్రం రాయకు. చార్వాకుడి తగవు ప్రమాణాల గురించి, అంటే దేన్నైనా తెలుసుకునే నమ్మదగ్గ దారుల గురించి: అనుమానం (పొగను చూసి నిప్పు ఉందని తేల్చడం లాంటిది) చెల్లకపోతే పరలోకానికీ ఆధారం పోతుంది. హ్యూమ్ చూపంతా మనసుకు అలవాటు ఎలా పడుతుందన్న దానిమీద. మాట ఒకేలా వినిపించినా, ఎదుట ఉన్నవాళ్లు వేరు.

పాతవాళ్లను ఇవాళ మన ముందున్నవాళ్లలా ఎంచి వాదం పరీక్షించమని కొందరు చెబుతారు. వాళ్ల కాలంలో పెట్టి చదవమని మరికొందరు. ముందు రెండోది చెయ్యి, ఎవరికి జవాబిస్తున్నాడో కనిపెట్టు. అక్కడే ఆగిపోకు మరి. అతను చెప్పింది నిజమా కాదా అన్నది తేల్చకుండా పుస్తకం మూస్తే నువ్వు చదివింది చరిత్రే అవుతుంది.

ఈ వారం ఎలిజబెత్ రాసిన ఆ రెండు ఉత్తరాలూ చదువు. బరువు ఉదాహరణతో ఆమె తృప్తి పడి ఉండాల్సిందా? కాదనే నాకు గట్టిగా అనిపిస్తోంది. నీకు వేరుగా తోస్తే దెకార్త్ తరఫున నాకు జవాబు రాయి.

నాన్న