తొట్లకొండకు హద్దురాళ్ళు నాటండి

సంపాదకులకు నమస్కారం.

నేను రెవెన్యూ శాఖలో సర్వేయరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉండేది భీమిలిలో. విశాఖ-భీమిలి బీచ్ రోడ్డు వెంబడి ఉన్న తొట్లకొండ, బావికొండ అనే బౌద్ధారామాల కొండల గురించి, ఎర్రమట్టి దిబ్బల గురించి మీ పత్రికలో తరచూ వార్తలు, వ్యాసాలు చదువుతున్నాను. రాసేవాళ్ళు బౌద్ధం గురించి, పర్యాటకం గురించి రాస్తున్నారు. అవీ కావాలి. కానీ ఆ నేల ఏ రికార్డులో ఏమని ఉంది, దాని హద్దు ఎక్కడ అని అడుగుతున్నవాళ్ళు తక్కువ. ఉద్యోగమంతా ఆ లెక్కలతోనే గడిపినవాణ్ణి కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

తొట్లకొండ మీద బౌద్ధారామం ఉందన్న సంగతి 1970ల్లో నౌకాదళం తన అవసరాల కోసం సర్వే చేస్తున్నప్పుడు బయటపడింది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. మహాస్తూపం, చైత్యగృహాలు (ప్రార్థన మందిరాలు), భిక్షువుల గదుల వరసలు, వంటశాల, భోజనశాల వెలుగు చూశాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అంటే మంగమారిపేట పక్కనున్న ఈ కొండకు రెండు వేల ఏళ్ళ కిందటే సముద్రం అవతలి దేశాలతో రాకపోకలున్నాయన్నమాట. అంతటి చోటు మనకు బస్సు దిగి నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉంది.

అక్కడికి వెళ్ళినవాళ్ళు స్తూపం దగ్గర ఫోటోలు దిగి వచ్చేస్తారు. నేను మాత్రం బండలో తొలిచిన నీటి తొట్ల దగ్గర ఎక్కువసేపు ఉంటాను. అలాంటివి అక్కడ 11 ఉన్నాయి. వానాకాలంలో వెళ్ళి చూడండి, వాలు మీద పడిన నీళ్ళు రాతి మీదుగా జారి తొట్టిలోకి ఎలా చేరుతున్నాయో కళ్ళారా కనిపిస్తుంది. నూరుమందికి పైగా భిక్షువులు కొండ నెత్తిన బతికింది ఆ నీళ్ళతోనే. తొట్టి ఎక్కడ తొలవాలో నిర్ణయించినవాడు ముందు ఆ వాలు చదివి ఉండాలి. లెవెల్ తీయడం, అంటే నేల ఎత్తుపల్లాలు కొలవడం వృత్తిగా బతికినవాడిగా ఆ పనితనానికి నేను చేతులెత్తి మొక్కుతాను. ఇప్పుడు ఆ వాలును రోడ్డు కోసమో, ప్లాట్ల కోసమో కోసేస్తే తొట్టి చుట్టూ ఎంత మంచి కంచె వేసినా అందులోకి నీరు రాదు. కాబట్టి కొండ మొత్తం కలిస్తేనే ఆరామం.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. లార్స్ ఫోగెలిన్ అనే అమెరికన్ పురావస్తు పరిశోధకుడు తొట్లకొండ చుట్టుపక్కల కాలినడకన తిరిగి సర్వే చేశారు. స్తూపానికి దూరంగా ఉన్న వాలుల మీద మనుషులు పేర్చిన రాళ్ళ కుప్పలు, కొండ దిగువన పాతకాలపు నివాసాల ఆనవాళ్ళు ఆయన గుర్తించారు. ఆ రాళ్ళ కుప్పలకు కంచె లేదు, బోర్డు లేదు. జేసీబీ డ్రైవరుకు అవి మామూలు రాళ్ళే. ఒక్క పూట పనితో పోతాయి, తర్వాత అవి అక్కడ ఉండేవని చెప్పడానికి కూడా ఏమీ మిగలదు.

ఇక నేల ఎలా పోతుందో చెప్తాను. ఎవరో స్థలం కోసం దరఖాస్తు పెడతారు. అది క్లబ్బు కావచ్చు, సంస్థ కావచ్చు, ప్రభుత్వంలోనే మరో శాఖ కావచ్చు. పైనుంచి కింది ఆఫీసుకు రిపోర్టు పంపమని కాగితం వస్తుంది. ఊరి భూముల లెక్క రాసే అడంగల్ తీస్తే ఆ సర్వే నంబరు ఎదురుగా 'కొండ పోరంబోకు' (సాగుకు ఇవ్వని ప్రభుత్వ భూమి) అనో, 'గయాళు' (బీడు భూమి) అనో ఉంటుంది. పొలం మీదికి వెళ్ళి చూస్తే తుప్పలు, రాళ్ళు. 'సదరు భూమి ప్రభుత్వ భూమి, ఎటువంటి నిర్మాణాలు లేక ఖాళీగా ఉన్నది' అని రిపోర్టు వెళ్తుంది. ఆ వాక్యంలో ఒక్క అబద్ధమూ లేదు. కానీ ఫైలు పైకి వెళ్ళేకొద్దీ అందరికీ కనిపించేది 'ఖాళీ' అన్న మాటే. ఇదే కొండ పురావస్తు శాఖ ఫైల్లో రక్షిత ప్రదేశంగా ఉంటుంది. ఈ రెండు ఫైళ్ళూ ఒక బల్ల మీద కలిసేది ఎవరైనా కోర్టుకు వెళ్ళాకే. అప్పటికి సగం వాలు చదునైపోతుంది.

కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాలకైతే చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణాలు నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రణ అని 2010లో చట్టం సవరించారు. ఊరి మధ్య ఉన్న గుడికో, కోట గుమ్మానికో అది సరిపోవచ్చు. కొండకు సరిపోదు. స్తూపం నుంచి 100 మీటర్లు కొలిస్తే కొలిచే గొలుసు వాలు మధ్యలోనే ఆగిపోతుంది.

ఎర్రమట్టి దిబ్బలది ఇంకో రకం కథ. 2014లో జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. సముద్ర మట్టం ఎక్కుతూ తగ్గుతూ వచ్చిన వేల ఏళ్ళ చరిత్ర ఆ ఇసుక పొరల్లో ఉందని శాస్త్రవేత్తలు చెబుతారు. ఇలాంటివి మళ్ళీ తమిళనాడు తీరంలోనో, శ్రీలంకలోనో చూడాలి. అయినా 2024 జులైలో అక్కడ యంత్రాలు దిగి నేల చదును చేస్తున్న ఫోటోలు పత్రికల్లో వచ్చాకే పనులు ఆగాయి. గుర్తింపు పత్రం ఒకచోట, భూమి రికార్డు ఇంకోచోట ఉంటే జరిగేది ఇదే. గుడి గోడ కూలితే రాళ్ళు ఏరి మళ్ళీ కట్టుకోవచ్చు. 2019 వానలకు దెబ్బతిన్న తొట్లకొండ మహాస్తూపాన్ని మళ్ళీ నిలబెట్టారు కూడా. దిబ్బను చదును చేశాక తిరిగి పేర్చే మేస్త్రీ ఎక్కడా దొరకడు.

పేదలకు ఇళ్ళ స్థలాలు లేనప్పుడు కొండలు, దిబ్బలు అట్టే పెట్టుకోవడం ఏమిటని కొందరంటారు. ఇళ్ళ పట్టాల కోసం ఎండలో నిలబడి ప్లాట్లు కొలిచి ఇచ్చినవాణ్ణి, ఆ అవసరం నాకు తెలుసు. కానీ సముద్రం కనిపించే ఈ వాలులను పేదల కాలనీ కోసం అడిగిన దరఖాస్తు నా సర్వీసులో నేను చూడలేదు. అలాగే, కాపాడటమంటే మంగమారిపేట మత్స్యకారులనో, పశువులు మేపుకునేవాళ్ళనో తరిమేయడం కాకూడదు. ఆ కొండను ఇన్నాళ్ళూ చూసుకున్నది వాళ్ళే.

మనవల్ల కాదనుకోవడానికీ లేదు. విశాఖ నడిబొడ్డున పాత సెంట్రల్ జైలు ఉన్న 20 ఎకరాలకు పైగా స్థలం ఎంత విలువైనదో అందరికీ తెలుసు. దాన్ని పార్కు చేసి 2016లో జనానికి తెరిచారు. సాయంత్రం వెళ్తే పిల్లలు పరుగులు తీస్తుంటారు, ముసలివాళ్ళు బెంచీల మీద కూర్చుని ఉంటారు. కంబాలకొండ అభయారణ్యం నగరాన్ని ఆనుకుని ఉండి కూడా నిలిచిందంటే అది 2002 నుంచి అటవీ శాఖ రికార్డులో హద్దులతో సహా ఉన్నందుకే.

తొట్లకొండకు, బావికొండకు, దిబ్బలకు కూడా అదే చేయాలి. పాదం నుంచి శిఖరం దాకా కొండ మొత్తాన్ని, మిగిలిన దిబ్బలన్నిటినీ వారసత్వ రిజర్వుగా రెవెన్యూ రికార్డులోనే వర్గీకరణ మార్చి రాయాలి. పోరంబోకు అన్న మాట ఆ గడిలో ఉండకూడదు. ఆ సర్వే నంబర్లన్నీ రిజిస్ట్రేషన్లు జరగని 22-ఏ నిషేధిత జాబితాలోకి చేర్చాలి. 2020 డిసెంబరులో మొదలైన రాష్ట్ర భూముల రీసర్వే పుణ్యమా అని డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో కొలిచే రోవర్లు వచ్చాయి. మా రోజుల్లో గొలుసు లాక్కుంటూ రోజుల తరబడి చేసిన పని ఇప్పుడు చాలా త్వరగా అవుతుంది. కొలిచిన చోటల్లా రాయి నాటి, ఆ మ్యాపును తెలుగులో ముద్రించి దగ్గరి సచివాలయాల్లో గోడకు అంటించాలి. రాయి ఎక్కడుందో ఊరివాళ్ళకు తెలిస్తే దాన్ని ఎవరైనా పక్కకు జరిపిన రోజే అధికారులకు ఫోను వస్తుంది.

కొండ దిగువన మూడు ఊళ్ళ హద్దులు కలిసే చోట నాటిన పాత ట్రైజంక్షన్ రాళ్ళు కొన్ని రోడ్డు పనుల్లో మట్టి కింద పడిపోయాయి. ఏది ఎక్కడుండేదో నాకు ఇంకా గుర్తుంది. అధికారులు సర్వేకు దిగే రోజు కబురు చేస్తే వెంట వచ్చి చూపిస్తాను.

ఇట్లు
రిటైర్డ్ సర్వేయరు,
భీమునిపట్నం