మంత్రులు కూర్చునేది ఒకచోట, మిర్చి తలరాత రాసేది మరోచోట

సంపాదకుడు గారికి నమస్కారం.

‘బ్రస్సెల్స్‌లో యూరప్ మంత్రుల భేటీ’ అని అంతర్జాతీయ పేజీలో నాలుగు ముక్కల వార్త వస్తే చాలు, మర్నాటికి వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో రెండు పుకార్లు తయారవుతాయి. ఒప్పందం కుదిరింది, మిర్చికి రేటు వస్తుంది, ఏసీ గోదాములో పెట్టుకోండి అని ఒకటి. యూరప్ వాళ్లు మన సరుకు ఆపేశారు, ఉన్నకాడికి అమ్ముకోండి అని ఇంకొకటి. దేన్ని నమ్మినా నష్టపోయేది రైతే. ఆ రోజు జెండా పాట (యార్డులో మొదట పలికే వేలం ధర) ఎంత పలికినా దానికీ ఆ భేటీకీ సాధారణంగా సంబంధమే ఉండదు. రానున్న నెలల్లో ఇలాంటి భేటీలు వరుసగా ఉంటాయి. వాటిని ఎలా చదవాలో, వరంగల్ మిర్చికి, నిజామాబాద్ పసుపుకు సంబంధించిన నిర్ణయాలు అసలు ఎక్కడ జరుగుతాయో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం.

యూరోపియన్ యూనియన్‌లో 27 దేశాలు. వాటి మంత్రులు కూర్చునే సభ కౌన్సిల్. పేరు ఒకటే అయినా అంశాన్ని బట్టి దానికి పది రూపాలు. విదేశాంగ మంత్రులు వస్తే ఒకటి, వ్యవసాయ మంత్రులు వస్తే ఒకటి, యూరప్ వ్యవహారాలు చూసే మంత్రులు వస్తే ‘జనరల్ అఫైర్స్’. విదేశాంగ మంత్రుల సభకు అధ్యక్షత వహించేది యూనియన్ విదేశాంగ ప్రతినిధి. 2024 డిసెంబర్ నుంచి ఆ పదవిలో ఎస్తోనియా మాజీ ప్రధాని కాయా కల్లాస్ ఉన్నారు. మిగతా సభల్లో దాదాపు అన్నింటికీ ఆరు నెలల వంతు: 2026 మొదటి సగం సైప్రస్‌ది, జూలై నుంచి ఐర్లాండ్‌ది, 2027 జనవరి నుంచి లిథువేనియాది. వాణిజ్య మంత్రులు కలిసేదీ విదేశాంగ కౌన్సిల్ పేరుతోనే గానీ, అప్పుడు కుర్చీలో వంతు దేశపు మంత్రి ఉంటారు. ఏప్రిల్, జూన్, అక్టోబర్ సభలు లక్సెంబర్గ్‌లో జరుగుతాయి, ఊరు మారిందని విశేషం వెతకనక్కర్లేదు. ప్రధానులు, అధ్యక్షులు కలిసేది యూరోపియన్ కౌన్సిల్. స్ట్రాస్‌బర్గ్‌లో 46 దేశాలతో నడిచే కౌన్సిల్ ఆఫ్ యూరప్ పూర్తిగా వేరే సంస్థ, దానికి వాణిజ్యంతో పని లేదు. ఈ మూడూ వార్తల్లో ఒకటైపోవడం మామూలైంది.

ఇవి కాక ‘గిమ్నిష్’ భేటీలు ఉన్నాయి. వంతు దేశం తన గడ్డ మీద విదేశాంగ మంత్రులను పిలిచి పెట్టుకునే అనధికార సమావేశాలవి. 1974లో జర్మనీలోని గిమ్నిష్ కోటలో మొదలయ్యాయి కాబట్టి ఆ పేరు. అక్కడ ఓటింగ్ ఉండదు, కట్టుబడాల్సిన తీర్మానం రాదు. ఫొటో మాత్రం బాగా వస్తుంది, పత్రికల్లో పెద్దగా పడేదీ అదే.

ఓటు లెక్క కూడా అంశాన్ని బట్టి మారుతుంది. వ్యవసాయం మీద, వాణిజ్యంలో చాలా వాటి మీద 27లో 15 దేశాలు ఒప్పుకోవాలి, వాటి జనాభా యూనియన్ జనాభాలో 65 శాతం ఉండాలి. అడ్డుకోవాలంటే కనీసం నాలుగు దేశాలు కలవాలి. విదేశాంగ విధానంలో, ఆంక్షల్లో అందరూ ఒప్పుకోవాల్సిందే. రష్యా మీద 18వ విడత ఆంక్షలు స్లొవేకియా ఒక్కటే పట్టు పట్టడంతో ఆగి ఆగి 2025 జూలై 18న బయటపడ్డాయి. గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీ పేరు చేరింది ఆ విడతలోనే. కనుక ‘ఫలానా మంత్రి వ్యతిరేకించారు’ అన్న వాక్యానికి ఆంక్షల విషయంలో చాలా బరువు ఉంది, మిర్చి విషయంలో అంతగా లేదు.

అజెండా సభకు కనీసం 14 రోజుల ముందు దేశాలకు వెళ్తుంది, కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనూ పెడతారు. అందులో ‘ఏ’ అంశాలు, ‘బీ’ అంశాలు అని రెండు రకాలు. రాయబారుల స్థాయిలో ముందే తేలిపోయినవి ‘ఏ’. వాటిని చర్చ లేకుండా ఆమోదిస్తారు. మంత్రులు వాదించుకునేవి ‘బీ’. విలేకరులు చూసేది ‘బీ’నే. మనకు పనికొచ్చేది మాత్రం ఎక్కువగా ‘ఏ’ జాబితాలో, చదవకుండా వదిలేసే పేజీల్లో దొరుకుతుంది.

ఇక మిర్చి. పురుగు మందు అవశేషం ఎంత ఉండొచ్చో చెప్పే 396/2005 నియమంలోని అంకెలను మంత్రులు కూర్చుని మార్చరు. యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ ముసాయిదా రాస్తుంది. 27 దేశాల అధికారులుండే స్థాయీ సంఘం ఓటు వేస్తుంది. ఆ తర్వాత అభ్యంతరం చెప్పడానికి యూరోపియన్ పార్లమెంటుకూ కౌన్సిల్‌కూ కొంత గడువు ఉంటుంది. మంత్రుల సభలో ఆ కాగితం కనబడితే ‘అభ్యంతరం లేదు’ అన్న ‘ఏ’ అంశంగానే కనబడుతుంది. ఆ సంఘం సమావేశానికి కెమెరాలు పోవు.

థయామిథాక్సామ్ సంగతే చూడండి. మిర్చిలో, పత్తిలో రసం పీల్చే పురుగులకు మన దగ్గర విరివిగా కొట్టే మందు ఇది. లాంబ్డా సైహలోథ్రిన్‌తో కలిపిన జోడు మందుగానూ అమ్ముతారు. 2021–22లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను ఊడ్చేసినప్పటి నుంచి పిచికారీలు మరీ పెరిగాయి. తేనెటీగలకు హాని అన్న కారణంతో థయామిథాక్సామ్, అదే కోవకు చెందిన క్లోథియానిడిన్ పరిమితులను పరికరాలు పట్టగల కనిష్ఠానికి దించుతూ 2023 ఫిబ్రవరిలోనే 2023/334 నియమం వచ్చింది. అమలు తేదీ 2026 మార్చి 7. మూడేళ్ల గడువు ఇచ్చారన్నమాట. ఆ మూడేళ్లలో మన ఎరువుల దుకాణాల గోడల మీద దాని గురించి ఒక్క కాగితమైనా అంటించి ఉంటే బాగుండేది. మార్చి 7 మన కోతల నడిమధ్య పడింది. అక్కడ చూసేది కోసిన తేదీ కాదు, సరుకు యూనియన్‌లోకి దిగుమతి అయిన తేదీ. జనవరిలో కోసి, ఓడ ఎక్కి, మార్చి నెలాఖరుకు రేవు చేరిన మిర్చికి కొత్త లెక్కే. క్లోర్‌పైరిఫాస్ విషయంలో 2020లో, వరి అగ్గి తెగులుకు వాడే ట్రైసైక్లజోల్ విషయంలో 2018లో ఇదే వరస. అప్పుడూ మనవాళ్లకు విషయం తెలిసింది సరుకు వెనక్కి వచ్చాకే.

ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందుకు అక్కడి మామూలు హద్దు కిలోకు 0.01 మిల్లీగ్రాము. క్వింటాకు ఒక మిల్లీగ్రాము. ఇక్కడ ఎగుమతిదారు కూడా తరచూ పొరబడే సంగతి ఒకటుంది. ఈ అంకె పచ్చి కాయకు పెట్టింది. ఎండితే నీరు పోయి కిలోలో మందు పాలు పెరుగుతుంది. అంతర్జాతీయ లెక్కల్లో ఎండు మిర్చికి ఏడు నుంచి పది రెట్లు తీసుకుంటారు. 396/2005లోని 20వ అధికరణం ఈ లెక్కను ఒప్పుకుంటుంది. కొనుగోలుదారు ఎండు కాయ మీదే 0.01 అడిగితే, ఎండబెట్టిన గుణకం చూపించి మాట్లాడే హక్కు అమ్మేవాడికి ఉంది. ల్యాబ్ రిపోర్టులో సరుకు పేరు దగ్గర ‘ఎండు’ అని, తేమ శాతం ఎంతో రాయించుకోకపోతే ఆ వాదన నిలవదు.

మందు ఒక ఎత్తు, బూజు ఇంకొక ఎత్తు. మిర్చిలో, పసుపులో అఫ్లటాక్సిన్ (బూజు నుంచి పుట్టే విషం) మొత్తం కిలోకు 10 మైక్రోగ్రాములు, అందులో బీ1 రకం 5 మైక్రోగ్రాములు దాటకూడదు. ఇదీ క్వింటాకు ఒక మిల్లీగ్రామే. బూజు పుట్టేది ఎక్కువగా కల్లంలో, యార్డుకు వచ్చే దారిలో. మట్టి కల్లం మీద ఆరబోయడం, సాయంత్రం తడి ఆరకుండానే కుప్ప చేసి పట్టా కప్పడం, కాయ విరగకుండా, తూకం తగ్గకుండా బస్తా కుట్టే ముందు నీళ్లు చల్లడం అసలు కారణాలు. ఆ నీళ్లతో కలిసొచ్చే ఒకటి రెండు కిలోల బరువు మొత్తం లాటును పోగొడుతుంది. తేమ 10–11 శాతానికి దిగే వరకు సిమెంటు కల్లం మీదో టార్పాలిన్ మీదో ఆరబెట్టి, తాలు, మచ్చ కాయ ఏరేశాకే బస్తా కట్టాలి. నమూనా తీయడంలోనూ లోపం ఉంది. అఫ్లటాక్సిన్ లాటంతా సమంగా ఉండదు, కొన్ని కాయల్లోనే దాగి ఉంటుంది. పై బస్తాలోంచి గుప్పెడు తీసి పరీక్ష చేయిస్తే ఇక్కడ పాస్, అక్కడ ఫెయిల్. చాలా బస్తాల్లో పైన, నడుమ, అడుగున తీసి, అంతా కలిపి, పొడి చేశాక భాగించాలి. ఇక పొడిలో క్రిములు చంపడానికి ఇథిలిన్ ఆక్సైడ్ వాడితే మసాలాలకు అక్కడి హద్దు కిలోకు 0.1 మిల్లీగ్రాము. ఆవిరి పద్ధతి ఖర్చెక్కువ అయినా ఆ బాధ ఉండదు.

ఏ దేశం సరుకును రేవులో ఎంత శాతం ఆపి పరీక్షించాలో 2019/1793 నియమం జాబితాలు చెబుతాయి. ఆరు నెలలకోసారి వాటిని సవరిస్తుంటారు. ఆ శాతం పెరిగితే పరీక్ష ఫీజు, కంటైనర్ నిలిచిన రోజుల అద్దె ముందు ఎగుమతిదారు మీద పడి, తర్వాత అడ్తి (కమీషన్ ఏజెంటు) మీదుగా రైతు ధరలోనే కోతగా తేలుతుంది. మన తేజ రకం మిర్చి ఎక్కువగా చైనా, బంగ్లాదేశ్, థాయ్‌లాండ్ పోతుంది, యూరప్‌తో మనకేం పని అనేవారున్నారు. రంగు కోసం మిర్చి నుంచి ఓలియోరెసిన్ అనే చిక్కని సారం తీసే కంపెనీలు యూరప్‌కు అమ్ముతాయి. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ చపాట మిర్చికి గిరాకీ ఆ రంగు వల్లే. రంగుతో పాటు నూనెలో కరిగే మందులు కూడా చిక్కబడి వస్తాయి. చపాట వేసేవాళ్లకు యూరప్ లెక్క తప్పదు.

భారత్–యూరప్ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద ఆశలు ఎక్కువ. చర్చలు 2007లో మొదలై, 2013లో ఆగి, 2022 జూన్‌లో మళ్లీ పట్టాలెక్కాయి. చర్చలు ముగిశాయన్న ప్రకటన వేరు, అమలు వేరు. నడుమ న్యాయ నిపుణుల పరిశీలన, యూనియన్ 24 భాషల్లోకి అనువాదం, సంతకానికి కౌన్సిల్ అనుమతి, పార్లమెంటు సమ్మతి, మళ్లీ కౌన్సిల్ తుది నిర్ణయం ఉంటాయి. అమలయ్యాక కూడా మిర్చికి ఒరిగేది తక్కువ. ఎండు మిర్చి కాయ మీద, పసుపు మీద, దూది మీద అక్కడ సుంకం ఇప్పటికే లేనట్టే. లాభపడేది దుస్తులు, వాటి మీద 12 శాతం దాకా ఉంది. గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఎదురు చూడాల్సింది దీని కోసం. అయితే రాయితీకి బట్ట ఎక్కడ నేశారో చూపాలి. బయటి దేశం బట్ట తెచ్చి ఇక్కడ కుట్టి పంపితే అది దక్కకపోవచ్చు.

విదేశాంగ మంత్రుల సభ మనల్ని నేరుగా తాకేది ఓడల దారిలో. ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక, 2024 ఫిబ్రవరి 19న ‘ఆస్పిడెస్’ నౌకాదళ రక్షణకు అనుమతి ఇచ్చింది వాళ్లే. దాని గడువు పొడిగింపు అజెండాలో కనిపిస్తే ఎగుమతిదారు కళ్లు తెరిచి చదవాలి. గుడ్‌హోప్ అగ్రం చుట్టి పోతే పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు అదనం. వేడి నుంచి చలిలోకి పోయే కంటైనర్‌లో పైకప్పుకు నీరు పట్టి బస్తాల మీద కారుతుంది. ఇక్కడ 11 శాతం తేమతో ఎక్కిన సరుకు అక్కడ బూజుతో దిగేది ఇందుకే. గోడలకు క్రాఫ్ట్ కాగితం, తేమ పీల్చే సంచులు, పొడి నేల ఉన్న కంటైనర్ తప్పనిసరి.

మీ పత్రికను కోరేది చిన్న విషయం. ఇలాంటి వార్త వేసినప్పుడు ఏ కౌన్సిల్, అధికారికమా కాదా, అంశం ఏ దశలో ఉంది అన్నవి చేర్చండి. యార్డు ధరలు వేసే పేజీలో నెలకోసారి యూరప్ ముసాయిదాలకు నాలుగు అంగుళాలు ఇవ్వండి. సమాచారం ఉచితంగానే దొరుకుతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థకు దేశాలు తెలియజేసే ముసాయిదాలు ‘ఈపింగ్’ వెబ్‌సైట్‌లో వస్తాయి. అక్కడ పేరు నమోదు చేసుకుని, దేశం దగ్గర యూరోపియన్ యూనియన్, సరుకు దగ్గర 0904 అని మిర్చికి, 091030 అని పసుపుకు, 1006 అని బియ్యానికి పెడితే ముసాయిదా రాగానే ఈమెయిల్ వస్తుంది. మార్కెట్ కమిటీ ఆఫీసులో ఒక గుమాస్తాకు అప్పగించినా సరిపోయే పని.

ముసాయిదా మీద అభిప్రాయాలకు మామూలుగా 60 రోజులిస్తారు. ఉత్త అభ్యంతరం రాసి పంపితే దాన్ని పక్కన పెడతారు. ఎంత మోతాదు కొట్టాం, ఎన్ని రోజులకు కోశాం, ఎంత మిగిలింది అన్న పొలం పరీక్షల అంకెలు ఉంటేనే దిగుమతి సరుకుకు వేరే పరిమితి అడగడానికి వీలవుతుంది. మహబూబాబాద్ జిల్లా మల్యాలలో, నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లిలో పరిశోధన కేంద్రాలున్నాయి. మిర్చి మందుల మీద ఆ పరీక్షలు వచ్చే పంటకే కావాలంటే నారు పోసే జూలై, ఆగస్టు నాటికే మడులు కేటాయించి, ఏ మందులు కొట్టాలో జాబితా ఖరారు చేయాలి.

ఇట్లు,
ఎగుమతి పత్రాల పని తెలిసిన ఒక పాఠకుడు,
హనుమకొండ.