పాఠకుల సంఘం వార్షిక నివేదిక

సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, సభ్యులకు, అందరికంటే ముందొచ్చి చాపల మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం.

నెలవారీ పుస్తక చర్చలు, వేసవి కథల తరగతి ఎప్పటిలాగే జరిగాయి. వానలకు గది కురిసి రెండు బీరువాల పుస్తకాలు తడిశాయి. వాటిని డాబా మీద ఆరబెట్టి అట్టలు వేసిన కుర్రాళ్లకు కృతజ్ఞతలు. ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవలసింది మాత్రం కార్తీకమాసంలో వేసిన బొమ్మల సినిమా.

పిక్సార్ వారి ‘బ్రేవ్’, 2012లో వచ్చింది. మధ్యయుగాల స్కాట్లండ్ కథ. ఆడపిల్ల ప్రధాన పాత్రగా ఆ సంస్థ తీసిన మొదటి చిత్రం ఇదే. రాకుమారి మెరిడా పెళ్లికి ముగ్గురు దొరల కొడుకుల మధ్య బాణాల పోటీ పెడతారు. మత్స్యయంత్రం కథ విని పెరిగినవాళ్లం కదా, ఎవరో ఒకడు కొడతాడు, దండ వేస్తుంది అనుకున్నాం. తీరా ఆ పిల్లే విల్లు పట్టుకొచ్చి, తన చెయ్యి పట్టే హక్కు తనకే కావాలని ముగ్గురినీ ఓడించింది. ఈలలతో రామాలయం అరుగు దద్దరిల్లింది.

తల్లి మీద కోపంతో, ఆవిడ కుట్టిన కుటుంబ పటాన్ని మెరిడా కత్తితో చీల్చేసినప్పుడు మాత్రం లేసు అల్లే ఆడవాళ్లు ఒక్కసారిగా “అయ్యో” అన్నారు. “పెళ్లొద్దంటే వద్దనమనండి. అన్నాళ్ల పని అలా చింపేత్తారా అండీ?” అని ఒకామె నన్నే నిలదీసింది, నేనే చింపినట్టు. చివర్లో గుర్రం మీద పోతూ కుట్టింది కాబట్టి సరిపెట్టుకున్నారు. నరసాపురం ప్రాంతానికి లేసు పని స్కాట్లండ్ మిషనరీల నుంచే వచ్చిందని పెద్దలంటారు. ఆ దేశపు కథకు తీర్పరులుగా వీళ్లకంటే తగినవాళ్లెవరు?

తొమ్మిదో తరగతి కుర్రాడొకడు, “ఇందులో మగాళ్లందరూ తన్నుకునే మొద్దులేనా?” అనడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అమ్మాయిని ఎత్తడానికి అబ్బాయిల్ని వెర్రివాళ్లని చెయ్యక్కర్లేదని నా అభిప్రాయం. దొరల కొడుకుల్లో ఒకడు స్కాట్లండ్‌లోని డోరిక్ యాసలో మాట్లాడితే పక్కవాళ్లకే అర్థం కాదు, అందరం నవ్వాం. సినిమావాళ్లు మన “ఆయ్” పట్టుకుని నవ్వించినప్పుడు మనకు ఎలా ఉంటుందో ఇంటికెళ్లాక గుర్తొచ్చింది.

మరో సంగతి. మన ప్రకటన కాగితం మీద మొదట నడుం సన్నబడ్డ, విల్లు లేని మెరిడా బొమ్మ పడింది. 2013లో పిక్సార్ సొంతదారు డిస్నీ ఆ పిల్లను తన రాకుమార్తెల వరసలో చేర్చినప్పుడు అలా దిద్దితే, 2 లక్షల మందికి పైగా సంతకాలు పెట్టి అభ్యంతరం చెప్పారు. తన కూతురితో తనకున్న అనుబంధం నుంచి ఈ కథ అల్లిన దర్శకురాలు బ్రెండా చాప్‌మన్ కూడా తప్పుపట్టారు. సంగతి చెప్పి ఆ కాగితాలు మార్పించిన విశ్రాంత ఉపాధ్యాయినికి, ఇంగ్లీషు మాటలను ఆపి ఆపి తెలుగులో చెప్పిందీ ఆవిడే కాబట్టి, రెండుసార్లు ధన్యవాదాలు.

సామాజిక భవనం ఇస్తామన్న అధికారి ఆ సాయంత్రం ఫోనెత్తలేదు. తాళం ముందు గంటసేపు నిలబడి, చివరికి రామాలయానికి వెళ్లాం. అరుగు ఇచ్చిన ఆలయ పెద్దలకు, కరెంటు ఇచ్చిన పక్కింటివారికి రుణపడ్డాం. కార్యవర్గంలో పదకొండుగురం. కుర్చీలు మోసింది ముగ్గురం. ఫొటోలో మాత్రం అందరం ఉన్నాం.

జమాఖర్చుల పట్టిక వెనక పేజీలో ఉంది, కోశాధికారిగారు సరిచూశారు. చందా బకాయిలు ఎవరివో వారికి తెలుసు.

తెరకు కట్టిన తెల్ల దుప్పటి ఎవరో పొరపాటున పట్టుకెళ్లారు. అది అరువు తెచ్చింది. దయచేసి గదిలో ఇచ్చేయండి.

కార్యదర్శి