అమ్మ ఫోను సంగతి

విజయవాడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

అమ్మకి ఫోను ఎక్కడ చౌకో చూసి చెప్పమన్నావు కదా, రెండు రోజులుగా అదే పనిలో ఉన్నాను. నువ్వు చెప్పిన మోడల్‌నే అమెజాన్‌లో, ఫ్లిప్‌కార్ట్‌లో, కంపెనీ సొంత సైట్‌లో పక్కపక్కన పెట్టి చూశాను. అసలు ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదురా. తేడా అంతా కార్డు దగ్గరే వస్తోంది. ఫలానా బ్యాంకు క్రెడిట్ కార్డు ఉంటే వెయ్యి, పదిహేను వందలు తగ్గుతుంది. నీ దగ్గర ఆ కార్డు లేకపోతే పైన పెద్ద అక్షరాల్లో కనిపించే ధర నీది కాదు. పాత ఫోను ఎక్స్‌ఛేంజ్ కూడా అంతే, అక్కడ 'వరకు' అని ఉంటుంది చూడు. ఇంటికొచ్చిన కుర్రాడు గీతలు చూసి తగ్గిస్తాడు. నో కాస్ట్ ఈఎంఐలో (వడ్డీ లేదని చెప్పే నెలవారీ వాయిదాలు) వడ్డీని ముందే డిస్కౌంటుగా ఇస్తారు, నిజమే. కానీ బ్యాంకు ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ వేస్తుంది, చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజు కూడా ఉంటుంది. నీ దగ్గర డబ్బుంటే ఆ జోలికి పోకు.

ధర కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నది రిటర్న్ సంగతి. మా నాన్నకి పోయిన దసరా సేల్‌లో ఫోను కొన్నాను, నీకు పూర్తిగా చెప్పలేదు. మా ఊరి అడ్రసుకే డెలివరీ పెట్టాను. నాన్న మంచిరోజు చూసి తెరుద్దామని పెట్టెను దేవుడి గదిలో పెట్టి, ఆరో రోజున తెరిచారు. మాట్లాడుతుంటే అవతలివాళ్ల గొంతుతో పాటు గరగరమని శబ్దం. రిటర్న్ గడువేమో డెలివరీ అయిన రోజు నుంచి ఏడు రోజులు! మార్చమని అడిగితే, ముందు ఒక యాప్ వేసి పరీక్ష చేయమన్నారు. ఆ పరీక్షలో అన్నీ బాగున్నట్టే వచ్చింది, ఆ గరగర దానికి దొరకలేదు. ఈలోపు గడువు అయిపోయింది. కొత్త ఫోనుని సర్వీస్ సెంటర్లో విప్పి బాగుచేయించాల్సి వచ్చింది. నాన్న ఒక్క మాట అనలేదు. 'వినపడుతోందిలేరా' అన్నారు. ఆ మాటే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అందుకే ఈసారి ధర కింద చిన్న అక్షరాల్లో ఉండే రిటర్న్ షరతుల మీద నొక్కి మొత్తం చదివాను. ఫోన్లకి ఎక్కువగా 'రీప్లేస్‌మెంట్' అనే ఉంటుంది, 'రిటర్న్' కాదు. అంటే లోపం ఉంటే మారుస్తారు, నచ్చకపోతే డబ్బు వెనక్కి రాదు. కొన్ని బ్రాండ్లకైతే నేరుగా వాళ్ల సర్వీస్ సెంటర్‌కే వెళ్లమంటారు. ఒకే సైట్‌లో అమ్మేవాడు మారితే షరతులూ మారొచ్చు, అమ్మేవాడి పేరు కూడా చూడు.

ఇంకొకటి, 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం రిటర్న్, రీఫండ్ షరతులు కొనేవాళ్లకి కనిపించేలా చెప్పాలి. ఫిర్యాదు చేస్తే 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. నాన్న ఫోనప్పుడు ఇది నాకు తెలియదు. తెలిసుంటే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని, 1915కి ఫోన్ చేసేవాణ్ని. అది వినియోగదారుల హెల్ప్‌లైన్, నెంబరు సేవ్ చేసుకో.

ఏలూరు రోడ్డులో ఒక షాపులోనూ అడిగాను. ఐదొందలు ఎక్కువ చెప్పాడు. పాత ఫోనులోవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి ఇస్తానన్నాడు, అది బాగుంది. కానీ బిల్లు వేశాక వెనక్కి తీసుకోడట.

నా మాట వింటే, ఓపెన్ బాక్స్ డెలివరీ ఉన్నచోటే ఆర్డర్ పెట్టు, రెండు మూడు వందలు ఎక్కువైనా సరే. నువ్వు ఇంట్లో ఉండే రోజు చూసి పెట్టు. డెలివరీ అతని ముందే తెరిచి, స్క్రీనూ అంచులూ చూశాకే ఓటీపీ చెప్పు. పెట్టె మీద ఐఎంఈఐ నెంబరూ (ఒక్కో ఫోనుకి వేరుగా ఉండే గుర్తింపు నెంబరు), *#06# కొడితే వచ్చేదీ ఒకటేనా చూడు. అమ్మ సిమ్ వేసి ఆ రోజే నాకు ఫోన్ చేయించు. కనీసం ఐదు నిమిషాలు మాట్లాడాలి, స్పీకర్లోనూ చెవి దగ్గరా రెండూ. కెమెరా, ఛార్జింగ్ కూడా ఆ సాయంత్రమే చూసేయ్. మంచిరోజు కావాలంటే ఆర్డర్ పెట్టే రోజుకి చూసుకుందాం, తెరిచే రోజుకి వద్దు.

అమ్మ పాత ఫోనులో వాట్సాప్ బ్యాకప్ తీసి ఉంచు, మనవరాలి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఏ రంగు కావాలో అడిగి రేపు రాత్రికల్లా చెప్పు, నా కార్డు మీద తగ్గుతుందేమో చూసి నేనే ఆర్డర్ పెడతాను.

నీ
మామ