జూలై ఉత్తరం: బెల్టులు, చెమటకాయలు, ఒక ట్యూబు

తల్లిదండ్రులకు నమస్కారం.

మృగశిర కార్తె వస్తే చల్లబడుతుందనుకునేవాళ్లం. బడి తెరిచి మూడు వారాలైనా గదుల్లో ఫ్యాన్లు వేడిగాలే కొడుతున్నాయి. 1901 నుంచి ఉన్న లెక్కల్లో 2024 మన దేశానికి అన్నిటికన్నా వేడి సంవత్సరమని వాతావరణ శాఖ చెప్పింది. దాని గుర్తులు పిల్లల ఒంటి మీదే కనిపిస్తున్నాయి.

పోయిన వారం నాలుగో తరగతి పాప ఒకతె బెల్టు కిందికి స్కేలు దూర్చి గోక్కుంటోంది. ఆయమ్మ చూస్తే నడుం చుట్టూ, సరిగ్గా బెల్టు వెడల్పున, ఎర్రగా చెమటకాయలు. పెట్టుకు రమ్మన్నది మేమే. కిందటేడు ఒక నాన్నగారు ఈ ఉక్కలో బెల్టు ఎందుకని అడిగితే క్రమశిక్షణ అని చెప్పి పంపేశాను. ఆయన అన్నదే సరి.

రెంటచింతల ఎండ మనకన్నా ఎక్కువే, కానీ అక్కడ చెమట ఆరుతుంది. మన కోస్తా ఉక్కపోతలో ఆరదు. బట్ట బిగుసుకున్న చోట చెమట బయటికొచ్చే దారులు మూసుకుపోయి పొక్కులవుతాయి. పైన పౌడరు దట్టిస్తే ఇంకా మూసుకుంటాయి. గోకితే చీము పడుతుంది. రాత్రిళ్లూ ఉక్కగానే ఉంటే ఒంటికి తెరిపి ఎక్కడిది?

అందుకే సోమవారం నుంచి ఆగస్టు ఆఖరుదాకా బెల్టు, టై, బూట్లు వద్దు. చెప్పులు చాలు. సంచిలో ఒక నూలు బనీను పెట్టండి, ఆటల పీరియడు అయ్యాక మార్పిస్తాం.

ఇక తామర. తడి ఆరని మడతల్లో అది ఇట్టే పాకుతుంది. ఒక అమ్మగారు చూపించిన ట్యూబు చివరిదాకా చుట్టచుట్టి పిండేసి ఉంది, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నదట. అందులో స్టెరాయిడ్ కలిసి ఉంది. రాయగానే దురద తగ్గుతుంది, తామర మాత్రం లోపల్లోపల పెరిగి ఇంత వెడల్పున బయటపడుతుంది. ఇలాంటి క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన పెట్టింది. అయినా అడిగితే ఇస్తూనే ఉన్నారు. మీరు అడగకండి. చర్మం డాక్టరుకు చూపించి, మచ్చ పోయినా ఆయన చెప్పినన్నాళ్లూ మందు వాడండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకీ చూపించాలి, తువ్వాళ్లు విడిగా ఉంచాలి. లేకపోతే తగ్గిన బిడ్డకే మళ్లీ అంటుకుంటుంది.

తామర ఉందని ఎవరినీ బడి మాన్పించక్కర్లేదు. పక్కన కూర్చోనివ్వడం లేదని మీ పిల్లలు చెబితే నాకు చెప్పండి, ఆ తరగతికి నేనే వెళ్తాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు