నైల్స్ నుంచి తాతయ్యకి

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా,
ఆదివారం

తాతయ్యకి నమస్కారాలు.

మోకాలి నొప్పి కాస్త తగ్గిందని అమ్మ చెప్పింది. ఇక్కడ మేమంతా క్షేమం.

నిన్న రాత్రి చూసింది అందరికన్నా ముందు నీకే చెప్పాలనిపించింది. ఫ్రీమాంట్‌లోనే నైల్స్ అని పాత పేట ఒకటుంది. 1916 దాకా అక్కడ ఎస్సానే అనే సినిమా కంపెనీ స్టూడియో ఉండేది. 1915లో చాప్లిన్ వచ్చి 5 సినిమాలు తీసింది అక్కడే. 1913 నాటి ఎడిసన్ థియేటర్ ఇంకా ఉంది, ఇప్పుడది మూకీ సినిమాల మ్యూజియం. శనివారం రాత్రి మూకీలు వేస్తారు, తెర పక్కన పియానో వాయిస్తారు. నిన్న చాప్లిన్ 'ది ట్రాంప్' వేశారు.

పియానో దగ్గర ఒక పెద్దావిడ కూర్చుంది. ఎదురుగా నొటేషన్ కాగితం లేదు. ఆట మొదలైనప్పటినుంచీ చూపు తెరమీదే, ఒక్కసారి కూడా వేళ్ళ వంక చూసుకోలేదు. నువ్వు గుర్తొచ్చావు తాతయ్యా. నాటకంలో కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే నువ్వు హార్మోనియం మెట్లు చూసేవాడివి కాదు, ఆయన నోరే చూసేవాడివి. రాగం ఎంతసేపు సాగదీసినా వెంటే ఉండి, ఆయన ఊపిరి పీల్చుకునే చోట అందుకునేవాడివి. ఆవిడదీ అదే పని, కాకపోతే తెరమీది మనిషి ఆవిడ కోసం ఆగడు.

ఆట అయ్యాక వెళ్ళి పలకరించాను. నవ్వొచ్చే చోట తను ముందుగా తొందరపడకూడదంది. పడబోయేవాణ్ణి పియానో ముందే పట్టిస్తే జనం నవ్వరట.

టీవీలో పాత మూకీలు చూసి, మనుషులు చీమల్లా పరిగెడతారని నువ్వు నవ్వేవాడివి కదా. అప్పట్లో కెమెరాని చేత్తో తిప్పేవాళ్ళు, అందుకని వేగం తక్కువ. దాన్ని ఇప్పటి వేగంతో ఆడిస్తే అలా కనిపిస్తుంది. తగిన వేగంతో ఆడిస్తే మామూలు మనుషుల్లాగే నడుస్తారు.

మన రఘుపతి వెంకయ్య గారి అబ్బాయి ప్రకాష్ గారు తీసిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' ఇలా చూసే భాగ్యం మనకి లేదు. రీలే మిగల్లేదు. ఆ మాట తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోయింది.

'ది ట్రాంప్' చివర్లో, ప్రేమించిన పిల్లకి వేరే మనిషి ఉన్నాడని తెలిసి, చాప్లిన్ మూట భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు. దారి పొడుగునా వీపే కనిపిస్తుంది. ఆవిడ మెల్లగా వాయిస్తూ వాయిస్తూ ఆపేసింది. హాల్లో చప్పుడు లేదు. అతను ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుని హుషారుగా అడుగేశాడు, అప్పుడు మళ్ళీ అందుకుంది. ఆ రోడ్డు కూడా ఇక్కడి నైల్స్ లోయలోదే. పొద్దున్నే వెళ్ళి చూసొచ్చాను.

ఆ వీపు కనిపించేంతసేపూ నువ్వైతే ఏ రాగం పట్టేవాడివి? ఫోన్‌లో పేరు చెప్పి ఊరుకోకు. తమ్ముడు వచ్చే ఆదివారం వస్తాడు, వాయించి రికార్డు చేయించి పంపు. ఆవిడకి కూడా వినిపిస్తాను.

నీ మనవరాలు